వేసవి సెలవులు: ఇంట్లో ఉన్న వస్తువులతోనే పిల్లలచేత ఏమేమి చేయించవచ్చు?

ప్రశ్న: కొర్లగుంట అమ్మ, తిరుపతి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, అబ్బాయికి 10 ఏళ్లు, అమ్మాయికి 6 ఏళ్లు. మరో వారంలో సెలవులు మొదలవుతాయి. తిరుపతి ఎండల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఉదయం 11 గంటలు దాటిన తరువాత సాయంత్రం 4 గంటల వరకు పిల్లలను గుమ్మం దాటనివ్వలేము. ఆ ఐదు గంటలూ ఫోను, తరువాత కొట్లాట, మళ్లీ ఫోను.

కిందటి ఏడాది ఆన్‌లైన్‌లో ఒక సైన్సు కిట్టు తెప్పించాను. అందులోని పొట్లాలన్నీ ఒక్క మధ్యాహ్నంలోనే అయిపోయి, ఖాళీ డబ్బా మాత్రం అలమారాలో మిగిలింది. వంటసోడాలో నిమ్మరసం పోసి 'అగ్నిపర్వతం' పొంగించడం నాలుగుసార్లు అయింది, ఇక పిల్లలే వద్దంటున్నారు. అలిపిరి దారిలో ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి రెండుసార్లు తీసుకువెళ్లాను. 'ఇలాంటివి మన ఇంట్లో ఎందుకు ఉండవు?' అని మా వాడు ఆటోలోనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కిరాణా కొట్లో దొరకని వస్తువేదీ అవసరం కాకూడదు. ఒకసారి చేసి పారేసేది కాకుండా, వాడు తనంతట తాను మళ్లీ మళ్లీ చేసుకోగలిగేది కావాలి. చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టి చూడమంటే ఊరుకోదు కాబట్టి దాని చేతికి కూడా పని ఉండాలి. నేను చదివింది బి.కాం., కనుక ఎందుకు అలా జరుగుతుందో కూడా కాస్త వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1: విశ్రాంత మాస్టారు, చిత్తూరు

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతికరసాయన శాస్త్రాలు చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను, విసుక్కోకండి. ప్రయోగశాల తాళంచెవి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉండేదో కూడా తెలియని బడిలో పనిచేసినందువల్ల, నా పాఠాలన్నీ వంటింటి సామానుతోనే సాగాయి.

ముందుగా పసుపు. రెండు చెంచాల పసుపును అరగ్లాసు వేడినీళ్లలో కలిపి, అందులో పాత తెల్లని నూలు గుడ్డ ముక్కలను ముంచి, నీడలో ఆరబెట్టండి. ఆరిన గుడ్డ మీద ఒక్కొక్క చుక్కగా నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, సబ్బునీళ్లు, బట్టల సోడా నీళ్లు, తాంబూలంలో వేసుకునే సున్నం కలిపిన నీటి తేట వేయించండి. పుల్లని వాటికి రంగు మారదు. సబ్బుకు, సోడాకు, సున్నానికి ఎర్రగా తిరుగుతుంది. వంటసోడాకు మాత్రం మార్పు కొద్దిగానే ఉంటుంది, ఎందుకంటే అది బలహీనమైన క్షారం. పెళ్లిళ్లలో, పురిటి ఇళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలిసి అయినవే కదా, ఈ రసాయనశాస్త్రం మన పెద్దముత్తైదువులకు ఎప్పటినుంచో చేతికి వచ్చిన విద్య. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలినప్పుడు తన నిర్మాణాన్ని కొద్దిగా మార్చుకోవడం వల్ల రంగు మారుతుంది. ఎర్రబడిన చోట నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగే వస్తుంది. మీ అబ్బాయికి అసలు రుచి తగిలేది ఇక్కడే, ఎందుకంటే దీన్ని ఎన్నిసార్లయినా తిరగేయవచ్చు.

అయితే పసుపుకు ఒక లోపం ఉంది. మంచినీళ్లకూ నిమ్మరసానికీ ఉన్న తేడాను అది చెప్పలేదు, రెండింటికీ పసుపుగానే ఉండిపోతుంది. ఈ లోపాన్ని మీరు ముందే చెప్పకండి, వాడినే పట్టుకోనివ్వండి. పట్టుకున్న రోజున నాలుగు ఎర్ర మందార పూల రేకులను వేడినీళ్లలో నానబెట్టి ఇవ్వండి. ఆ రసం పులుపుకు మరింత ఎర్రగానూ, సోడాకు ఆకుపచ్చగానూ మారుతుంది. నీలి శంఖుపూలు దొరికితే ఇంకా బాగుంటుంది. నిమ్మరసం పడితే నీలం కాస్తా ఊదాగా మారుతుంది. ప్రతి చుక్క వేసే ముందు 'ఏ రంగు వస్తుందని అనుకుంటున్నావు?' అని అడిగి, ఆ మాట నోటుపుస్తకంలో రాయించిన తరువాతే వేయనివ్వండి. తప్పు ఊహను కొట్టేయనివ్వకండి. సున్నం మాత్రం మీ చేతిలోనే ఉండాలి, అది కంట్లో పడితే చాలా ప్రమాదం.

అగ్నిపర్వతం గురించి ఒక్క మాట. నిజమైన అగ్నిపర్వతంలో పులుపూ సోడా కలవవు. లోపల ఒత్తిడిలో కరిగి ఉన్న వాయువులు శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలుగా బయటపడతాయి. గోలీసోడా కొట్టినప్పుడు నురగ తన్నుకు వచ్చేది కూడా అందుకే. కాబట్టి మీ పిల్లలు ఐదోసారి వద్దనడం మంచిదే అయింది.

చివరగా, ఈ వారంలోనే మొదలుపెట్టవలసిన పని ఒకటి ఉంది. మిద్దె మీద ఒక మీటరు పొడవు కర్రను తొట్టి మట్టిలో నిటారుగా పాతించి, రోజూ మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో దాని నీడను స్కేలుతో కొలిపించండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి సరిపెట్టింది, తిరుపతి దానికి పడమరగా ఉంది కాబట్టి అసలు మధ్యాహ్నం మనకు కాస్త ఆలస్యంగా వస్తుంది. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారంలోనూ, ఆగస్టు నెల మధ్యలోనూ సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చి, నిటారుగా ఉన్న వస్తువుకు నీడ లేకుండా పోతుంది. అప్పటికి పది రోజుల ముందు మీటరు కర్రకు 5 సెంటీమీటర్లకు పైగా నీడ ఉంటుంది, అది రోజురోజుకూ తగ్గడం వాడికి కనిపించాలి. మా చిత్తూరు మీకు దక్షిణాన ఉంది కాబట్టి ఏప్రిల్‌లో మాకు ఒక రోజు ముందుగా వస్తుంది, ఆగస్టులో మీకే ముందు. ఢిల్లీ పిల్లలకు ఈ భాగ్యం ఏడాదిలో ఒక్క రోజు కూడా లేదు. పది నిమిషాలకు మించి ఎండలో ఉంచకండి, చెప్పులూ టోపీ మరవకండి, సూర్యుడి వైపు చూడనివ్వకండి.

జవాబు 2: తిరుచానూరు నుంచి ఒక పిన్ని

మాస్టారు చెప్పినవి పెద్దవాడికి బాగా సరిపోతాయి, నేను చిన్నదాని పక్షాన మాట్లాడతాను. దేవుడి అలమారాలో హారతి కర్పూరం ఉంటుంది కదా, దానితో పడవ చేయించండి. పాత పెళ్లిపత్రిక అట్టను బొటనవేలంత పడవ ఆకారంలో కత్తిరించి, వెనక భాగంలో చిన్న గాటు పెట్టి, ఆ గాటులో మిరియపు గింజంత కర్పూరం ముక్కను నీటికి తగిలేలా ఇరికించండి. వెడల్పాటి తట్టలో నీళ్లు పోసి వదిలితే, ఎవరూ ఊదకుండానే, ఎవరూ నెట్టకుండానే పడవ ముందుకు పరుగెడుతుంది. నీటి ఉపరితలం ఎప్పుడూ బిగించిన పలుచని గుడ్డలాగా నలువైపులా లాగుతూ ఉంటుంది. కర్పూరం తగిలిన వెనకవైపు ఆ బిగువు సడలిపోతుంది కాబట్టి ముందువైపు బిగువు గెలిచి పడవను లాక్కుపోతుంది. మా మనవరాలు గాటును ఒక పక్కకు పెట్టి పడవను గుండ్రంగా తిరిగేలా చేసింది, అది మాకెవరికీ తట్టలేదు.

ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. కర్పూరం బిళ్ల చూడడానికి కలకండలాగే ఉంటుంది, కానీ చిన్న పిల్లలు మింగితే మూర్ఛలు కూడా రావచ్చు. మీరు పక్కన ఉన్నప్పుడే ఒక్క బిళ్ల తీసి, డబ్బాను అందనంత ఎత్తులో పెట్టండి. చేతులు సబ్బుతో కడిగించండి.

మామిడికాయల కాలం కాబట్టి టెంకలు పారేయవద్దు. బేనీషా టెంకకు పీచు తక్కువ, నాటు మామిడి టెంకకు పీచు దండిగా ఉంటుంది. బాగా చీకిన టెంకను కడిగి, మూడు నాలుగు రోజులు ఎండబెట్టి, పాత దువ్వెనతో పీచును ఒక వైపుకు దువ్వితే గడ్డం తాత సిద్ధమవుతాడు. కళ్లకు చింతగింజలు అంటించాలి. జిగురు కొననక్కరలేదు, రెండు చెంచాల మైదాను నీళ్లలో ఉడికిస్తే చాలు. ఎండకముందే దువ్వితే పీచు ఊడి చేతికి వస్తుంది, మాకు రెండు తాతలు బోడి తాతలయ్యారు.

జవాబు 3: శ్రీకాళహస్తి కోడలు

మెట్టినింట్లో కలంకారీ పని చూస్తూ పదిహేనేళ్లు గడిపినందువల్ల దాని గురించి చెబుతాను. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు, మా శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. ఆ గీతలకు వాడే నల్ల రంగును 'కసిం' అంటారు. తుప్పు పట్టిన మేకులు గుప్పెడు, బెల్లం చిన్న ముక్క, నీళ్లు కలిపి మట్టికుండలోనో గాజుసీసాలోనో రెండు మూడు వారాలు ఉంచాలి. బెల్లం పులిసి ఆమ్లం తయారవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ బిగించవద్దు, లోపల వాయువు పుడుతుంది. పైన గుడ్డ కట్టి వదిలేయండి.

గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండబెట్టాలి. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఆ గుడ్డ మీద కసింతో గీత గీసినప్పుడు మొదట పేలవంగా ఉన్నది, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసేకొద్దీ పిల్లల కళ్లముందే నల్లబడుతుంది. అదే గీతను కరక్కాయ పట్టించని గుడ్డ మీద కూడా గీయించండి. అక్కడ తుప్పు మరక తప్ప నలుపు రాదు, నలుపు కసింలో లేదని, రెండూ కలిసిన చోటే పుడుతోందని వాడికే అర్థమవుతుంది. కలం కోసం చీపురుపుల్లంత లావు వెదురు పుల్లను చెక్కి, మొనకు కొంచెం పైన గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టండి. పీలికను నొక్కేకొద్దీ రంగు కిందికి దిగుతుంది. చిన్నదానికి ఈ నొక్కే పని చాలా నచ్చుతుంది. పాలలో ముంచిన గుడ్డ వాసన మాత్రం ఇంట్లోవాళ్లందరూ భరించాలి. మూడు వారాలు ఆగలేమంటే మేకులను వెనిగర్‌లో నాలుగు రోజులు నానబెట్టి, చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం మీద గీయండి. కసిం అంత నిగనిగలాడదు కానీ పని జరుగుతుంది.

కొర్లగుంట అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. పసుపు గుడ్డతో మా చిన్నది మీరెవరూ చెప్పని పని చేసింది. సబ్బునీళ్లలో ముంచిన పుల్లతో ఎర్రపూల ముగ్గు వేసి, నిమ్మచెక్కతో చెరిపి, మళ్లీ వేసింది. ఇప్పటికి ఇంట్లో తెల్ల గుడ్డ అంటూ మిగలలేదు. మేకుల సీసా బాల్కనీలో గుడ్డ కట్టుకుని కూర్చుంది.

ఒక్క చోట చిక్కు వచ్చింది. కర్పూరం పడవ మొదటి రోజు రయ్యిమని పరుగెత్తింది, రెండో రోజు అదే తట్టలో, అదే పడవ, కొత్త కర్పూరం ముక్క పెట్టినా కదలలేదు. వాడు ముఖం మాడ్చుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగి ఉంటుంది?

విశ్రాంత మాస్టారు, చిత్తూరు

ఈ చిక్కు రావడమే నాకు సంతోషం. అనుమానించవలసినవి మూడున్నాయి. తట్టను గిన్నెల సబ్బుతో తోమి సరిగా కడగకపోతే, మిగిలిన సబ్బు నీటి బిగువును ముందే అన్ని వైపులా సడలించి ఉంటుంది. నూనె చేతులతో పడవను పట్టుకుంటే నూనె పొర కూడా అదే పని చేస్తుంది. పాత నీళ్లనే వాడి ఉంటే కర్పూరం అప్పటికే అంతటా పరుచుకుని ఉంటుంది, ముందుకూ వెనక్కూ తేడా లేకపోతే పడవను లాగేదెవరు? మూడింటినీ ఒకేసారి సరిచేయకండి, ఒక్కొక్కటే మార్చి చూడమనండి. దోషి దొరికాక, పరుగెత్తుతున్న పడవ పక్కన ఒక్క చుక్క సబ్బునీరు వేయించి, అది ఆగిపోవడం చూపించండి.

కొర్లగుంట అమ్మ

మాస్టారు గారూ, దోషి సబ్బే. నీళ్లు మార్చినా కదల్లేదు, పడవ కొత్తది చేసినా కదల్లేదు, తట్టను నాలుగుసార్లు వేడినీళ్లతో కడిగాక పరుగెత్తింది. 'అమ్మా, నువ్వు తోమిన తట్టే కారణం' అని నోటుపుస్తకంలో నా పేరుతో సహా రాసిపెట్టాడు.

నీడ సంగతి కూడా చెప్పాలి. మొదట్లో మధ్యాహ్నపు నీడ ఉత్తరంగా, తిరుమల కొండ వైపు వాలి ఉండేది. రోజూ కాస్త కాస్త తగ్గి, కిందటి వారం రెండు రోజులు స్కేలుకు అందకుండా పోయింది. నిన్నటి నుంచి మళ్లీ సన్నగా కనిపిస్తోంది కానీ, ఈసారి కొండకు వీపు తిప్పి దక్షిణం వైపు పడుతోంది. తొట్టిని ఎవరో తిప్పేశారని చెల్లెలితో పోట్లాడి, చివరికి తానే కర్ర చుట్టూ సుద్దముక్కతో గీత గీసి కాపలా కాస్తున్నాడు. ఆగస్టు వరకు నీడ అటువైపే ఉంటుందని నేను ఇంకా చెప్పలేదు.