'తెలియని ఆదేశం': ఎవరికి తెలియనిది?

టెర్మినల్‌లో, అంటే కంప్యూటర్‌కు పనులు టైప్ చేసి చెప్పే తెరలో, లేని కమాండ్ కొడితే వచ్చే సందేశాన్ని తెలుగులో ఏమనాలి? నా చేతికొచ్చిన అనువాదం ఫైల్‌లో 'తెలియని ఆదేశం' అని ఉంది. నాకది మింగుడుపడటం లేదు. ఎవరికి తెలియనిది? యంత్రానికా, కొట్టిన మనిషికా? తెలియని ఊరు, తెలియని దారి అన్నప్పుడు తెలియనిది మనకే కదా. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇది చదివి, తప్పంతా తమదే అనుకుంటారు. 'చెల్లని ఆదేశం' అంటే ఇంకా కష్టం, చెల్లని నోటు గుర్తొస్తుంది.

టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్ బాష్. దాని విషయంలో 'దొరకలేదు' నాకు నచ్చింది. పాత్ అనే జాబితాలో రాసి ఉన్న డైరెక్టరీలన్నీ (ఫోల్డర్లన్నీ) అది నిజంగానే వెతుకుతుంది. ఎక్కడా లేకపోతేనే ఆ మాట చెప్పి, 127 అనే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) ఇస్తుంది. వెతికినవాళ్ళే దొరకలేదు అనాలి.

నా చిక్కు గిట్‌తో, అంటే కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్‌తో. దాని 'కమిట్' కమాండ్ స్పెల్లింగ్‌లో ఒక ఎమ్ వదిలేసి కొడితే, అలాంటి కమాండ్ లేదంటూనే దగ్గరి పేరుగా 'కమిట్' చూపిస్తుంది. అదే తప్పు స్పెల్లింగ్‌తో 'గిట్ హెల్ప్' అని అడిగితే మాత్రం పేరు ముందు 'గిట్' అతికించి, ఆ కలిపిన మాటకు మాన్యువల్ పేజీ లేదంటుంది. మనం కొట్టని మాట అది! సాయం అడిగినప్పుడే సాయం తక్కువ. అక్కడా దగ్గరి పేరు చూపించాలని నా గట్టి కోరిక. చూపిస్తే, దాన్ని 'మీ ఉద్దేశం ఇదా?' అందామా?

జవాబు: వద్దండీ. 'మీ ఉద్దేశం ఏంటి' అనేది మనం గొడవపడేటప్పుడు వాడే మాట. కిరాణా కొట్లో లేని సరుకు అడిగితే ఏమంటారు? 'అది లేదండీ, ఇది కావాలా?' అంటారు. 'కావాలా' చాలు.

జవాబు: నాది ఇంకో ఇబ్బంది. సందేశంలో కమాండ్ పేరు వచ్చి కూర్చునే ఖాళీకి ప్రత్యయం తగిలించలేం. స్టేటస్, పుల్ అనే గిట్ కమాండ్లనైతే నోటితో 'స్టేటసా?', 'పుల్లా?' అనేస్తాం. తెర మీద పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, దానికి దీర్ఘం ఎలా పెడతాం?

మొదట అడిగినవారు: అందుకే 'కావాలా' ఇంకా బాగుంది, విడిగా నిలబడుతుంది. పేరు తర్వాత 'అనే' పెడితే ఆ ఇబ్బందీ పోతుంది. దగ్గరి పేర్లు ఒకటికి మించి ఉన్నప్పుడు గిట్ అనువాదం ఫైల్ బహువచన వాక్యం విడిగా అడుగుతుంది. అక్కడ 'కావాలా' కుదరదు, 'ఏది కావాలి' అనాలి. 'ఆదేశం' కూడా తీసేసి 'కమాండ్' అనే ఉంచుతున్నాను, క్లాసులో అందరూ అనేది అదే. ఇలా రాశాను, తప్పుంటే చెప్పండి:

'ఫలానా' అనే కమాండ్ లేదు. 'కమిట్' కావాలా?
'ఫలానా' అనే కమాండ్ లేదు. వీటిలో ఏది కావాలి?