మెస్‌లో వంటమనిషికి హెచ్ఐవీ ఉంటే ఓనర్‌కు చెప్పి తీరాలా?

తిరుచానూరు రోడ్డు:
తిరుపతి బస్టాండు దగ్గర ఒక మెస్‌లో వంట చేసే అక్కను పోయిన వారం పని మానిపించారు. ఆమె సంచిలో ఏఆర్‌టీ మాత్రల (హెచ్ఐవీకి రోజూ వేసుకునే మందు) సీసా చూసి ఎవరో ఓనర్‌కు చేరవేశారు. ముందే చెప్పి ఉండాల్సిందని మా వీధిలో అందరూ అంటున్నారు. చెప్పాల్సిన పనే లేదని నేనంటున్నా. మీరేమంటారు?

మెస్ నడిపేవాణ్ణి:
నాది వేరే మెస్. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ మా బతుకంతా కొండకొచ్చే యాత్రికులు, హాస్టల్ పిల్లల మీదే. మాట బయటికి పొక్కితే రేపటి నుంచి ఎవరూ రారు. కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగితే ఏంటి పరిస్థితి?

ల్యాబ్‌లో పని, చిత్తూరు:
అన్నా, వేలు తెగిన సంగతే ముందు చూద్దాం. హెచ్ఐవీ అన్నం, నీళ్లు, పళ్లేల ద్వారా రాదు. ఒంటి బయట ఆ వైరస్ ఎక్కువసేపు బతకదు, పొయ్యి వేడికి అసలే నిలవదు. వంటవాళ్ల విషయంలో చూడాల్సింది టైఫాయిడ్ లాంటి తిండితో పాకే జబ్బులు. రోజూ మందు వేసుకుని, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గినవాళ్ల నుంచి లైంగికంగా కూడా అది సోకదు. 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న మందు అది. ఆమె దాన్ని మానకుండా వాడుతోంది. దానికే పని పోతే, రేపు ఇంకొకరు సీసా సంచిలో పెట్టుకోవడానికే భయపడతారు. మందు మానేస్తారు. నాకు టెన్షన్ అదే.

గృహిణి, ఎం.ఆర్.పల్లి:
సైన్సు సరే. నమ్మి వంటింట్లోకి రానిచ్చినవాళ్లకు ఒక మాట చెప్పడం మర్యాద కాదా?

తిరుచానూరు రోడ్డు:
చెప్పిన రోజే పని పోతుందని తెలిసి ఎవరు చెబుతారమ్మా? 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందన్న కారణంతో పనిలోంచి తీయకూడదు. ఆమె వల్ల ఇతరులకు సోకే ప్రమాదం ఎక్కువనో, పనికి పనికిరాదనో స్వతంత్ర వైద్యుడు రాసివ్వకుండా తీయడానికి లేదు. ఉద్యోగానికి ముందు హెచ్ఐవీ పరీక్ష అడగడం కూడా తప్పే. ముందుగా చెప్పే ప్రస్తావన ఆ చట్టంలో ఉన్నది లైంగిక సంబంధం, సూది పంచుకోవడం లాంటి చోట్ల. వంటింటికి కాదు.

మెస్ నడిపేవాణ్ణి:
కస్టమర్ వచ్చి అడిగితే నేనేం చెప్పాలి మరి?

ల్యాబ్‌లో పని, చిత్తూరు:
మా దగ్గర పనిచేసేవాళ్ల ఆరోగ్యం సంగతి బయటికి చెప్పం అనండి, అంతే. ఇంకా అనుమానముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఫ్రీ నంబరే. ముందు ఆ ఓనర్‌తో మాట్లాడి ఆమెను మళ్లీ పనిలోకి పిలిపించండి. మెస్‌వాళ్లు చెబితే మెస్‌వాళ్లు వింటారు.