పాప, అమ్మమ్మలతో అడవి నడక: ఏ దారితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (మియాపూర్): మేం నలుగురం. మేమిద్దరం, ఆరేళ్ల పాప, అరవై దాటిన మా అమ్మ. అమ్మకి దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి. ఆదివారం నేరుగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్లొచ్చా? ఐదు కిలోమీటర్ల దారి అంటున్నారు, పాప నడవగలదా?

జవాబు (ఉప్పల్): కిలోమీటర్లు ఒక్కటే చూసి దారి ఎంచుకోకండి. ఎక్కుడు ఎంత, నేల ఎలాంటిది, నీడ ఉందా, సగంలో వెనక్కి రావడానికి వీలుందా, ఇవి కూడా కనుక్కోండి. సమయానికి నైస్మిత్ లెక్క పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు ఇంకో 10 నిమిషాలు. దారి 5 కిలోమీటర్లు, ఎక్కుడు 120 మీటర్లు అనుకుంటే 72 నిమిషాలు వస్తుంది. అది ఆగకుండా నడిచే పెద్దవాళ్లకి. ఆరేళ్ల పిల్ల ఉంటే రెండున్నర రెట్లు చేయండి, మూడు గంటలు. పాప నడుస్తుంది, కానీ మొదటి నడకగా అది ఎక్కువ.

అనంతగిరిలో ఇంకో చిక్కుంది. రోడ్డే మిమ్మల్ని కొండ మీదికి తీసుకెళ్తుంది. బండి ఆపి అడవిలోకి వెళ్లే దారులు ఎక్కువగా ముందు కిందికి దిగుతాయి. వెళ్లేటప్పుడు అందరూ హుషారుగా ఉంటారు, అలసిపోయాక ఎక్కుడు మొదలవుతుంది. అందుకే మీ దగ్గరున్న సమయంలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరిగేయండి. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందే ఖాయం చేసుకోండి, "ఇంకొంచెం దూరం" అనకండి.

మొదట జూబ్లీహిల్స్ దగ్గరి కేబీఆర్ పార్కులో నడవండి. ఉదయం, సాయంత్రం తెరుస్తారు, దారి బాగుంటుంది. తర్వాత చిలుకూరు దగ్గర మృగవని జాతీయ పార్కు. ఈ రెండూ హాయిగా అయితే అనంతగిరికి వెళ్లండి, అక్కడ కూడా గంటలో తిరిగొచ్చే చిన్న దారి చూసుకుని. నల్లమలలో మల్లెల తీర్థం ఆ తర్వాతే. అక్కడ జలపాతానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం ప్రాంతం, సొంతంగా కాలిబాట పట్టి లోపలికి వెళ్లకూడదు.

జవాబు (సికింద్రాబాద్): దగ్గర కదా అని ఎవరైనా భువనగిరి కోట చెప్తారు. మీ అమ్మగారితో వద్దండి. అది ఒకే రాతి గుట్ట, ఎత్తు 500 అడుగుల దాకా ఉంటుంది, నీడ లేదు, దిగడం అంతా మోకాలి మీదే. మన గ్రానైట్ పొడిగా ఉంటే బూటు పట్టు బాగుంటుంది. జారేది రెండు చోట్ల: బండ మీద రాలిన గరుకు ఇసుక కాలి కింద దొర్లుతుంది, వాన నీళ్లు పారిన నల్లటి చారల మీద పాచి ఉంటుంది. ఆ రెండింటి మీదా అడుగు వేయకుండా పక్కనుంచి వెళ్లాలి.

దిగేటప్పుడు అమ్మగారిని చిన్న అడుగులు వేయమనండి, మోకాలు కాస్త వంచి. చేతికర్ర చదునులో మోచేయి లంబకోణంలో వంగి ఉండేంత పొడవు, దిగుడులో ఇంకో 5 నుంచి 10 సెంటీమీటర్లు ఎక్కువ. కర్ర ముందు పెట్టి, తర్వాత అడుగు.

ప్రశ్న (మియాపూర్): మంచిదండి, కేబీఆర్‌తో మొదలుపెడతాం. నీళ్లు ఎన్ని? బూట్లు కొత్తవి కొనాలా?

జవాబు (ఉప్పల్): పెద్దవాళ్లకి గంటకి అర లీటరు, ఎండలో ముప్పావు. పాపకి దాహం వేసేదాకా ఆగకుండా పావు గంటకోసారి రెండు గుక్కలు ఇవ్వండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీరని ఉందో చూడండి. పెద్ద ప్యాకెట్ లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు గాఢమై పిల్లలకి హాని.

ఉన్న బూట్లు అరిగిపోతే తప్ప కొత్తవి అక్కర్లేదు. కొత్తవి కొంటే ముందు ఇంటి చుట్టూ వారం వేసుకోండి. వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించాలి, లేకపోతే గోళ్లు నల్లబడతాయి. మడమ మీద వేడిగా అనిపించగానే ఆగి మైక్రోపోర్ టేపు (మందుల షాపులో దొరికే కాగితం లాంటి టేపు) వేయండి, బొబ్బ వచ్చాక వేస్తే లాభం లేదు. పాప సంచి బరువు తన బరువులో పదో వంతు దాటకూడదు. తిండి పారదర్శకమైన కవర్లో పెట్టకండి, కోతులు చూసి లాక్కుంటాయి.

జవాబు (ఎల్బీనగర్): బండలకి, పెద్ద చెట్లకి వేలాడే తేనెపట్టులు చూస్తే చప్పుడు చేయకుండా వెనక్కి తిరగండి. అత్తరు, సెంటు వద్దు, పొగ అసలే వద్దు. ఈగలు లేస్తే నిలబడి చేతులు ఊపకండి, ముఖం కప్పుకుని పాపని ఎత్తుకుని పరుగెత్తండి, వీలైతే కారులోకి. ముళ్లని వెంటనే గోటితో గీకి తీసేయండి. కుట్టినచోటే కాకుండా ఒంటి నిండా దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పాము కాటుకి కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ ప్రమాదమే. రక్తపింజరి కాటులో బిగించిన కట్టు కాలు పోయేంత చెరుపు చేస్తుంది. ఉంగరాలు, పట్టీలు తీసి, కాలిని కర్రతో కదలకుండా, కానీ బిగించకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. యాంటీవెనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రి ఏదో ముందు రోజే కనుక్కుని ఉంచుకోండి.

ఇంకొకటి. అందరికంటే నెమ్మదైనవాళ్లు ముందు నడవాలి, పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడూ చివర ఉండాలి. పాప మెడలో ఈల వేయండి. తప్పిపోతే ఉన్నచోటే ఒక చెట్టు దగ్గర నిలబడి మూడుసార్లు ఊదాలని, మనకోసం వెతుక్కుంటూ తిరగకూడదని ఇంట్లోనే ఆటలా రెండు మూడుసార్లు చేయించండి.