అప్‌డేట్: పికప్ ముందు భాగం ఎత్తు పెంచాను, కానీ పూర్తిగా సమం చేయలేదు

మా ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ముందు భాగం వెనకకంటే దిగువగా ఉందని, రెండంగుళాల లెవలింగ్ కిట్ (ముందు భాగాన్ని లేపి వెనకతో సమం చేసే సామాను) వేయించవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పని పూర్తయింది. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

వెనక ఎత్తు బరువు కోసమే ఉంచుతారని ఒకరు చెప్పిన మాట నన్ను ఆపింది. మిర్చి బస్తాలతో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లే రోజు వెనక కమాన్ పట్టీలు బాగా దిగుతాయి. ఖాళీ బండిని సమం చేస్తే, బరువెక్కాక ముక్కు పైకి లేస్తుంది. అందుకే ఒక అంగుళంతో సరిపెట్టాను.

ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే దిమ్మ, అంటే స్పేసర్, దాని మందమే పెరిగే ఎత్తు అనుకోవడం నా పొరపాటు. స్ట్రట్ (ముందు చక్రం దగ్గరి స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ మధ్యలో బిగించి ఉంటుంది కాబట్టి చక్రం దగ్గర అంతకంటే ఎక్కువ లేస్తుంది. 15 మిల్లీమీటర్ల స్పేసర్‌కు దాదాపు 25 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే ఒక అంగుళం, వచ్చింది. నాది స్ట్రట్ పైన కూర్చునే రకం స్పేసర్ కనుక స్ప్రింగును విప్పాల్సిన పని పడలేదు.

హనుమకొండలోని షెడ్డులో బండి జాకీ మీద ఉండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించారు. అలా చేస్తే ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు మెలిపడి త్వరగా పాడవుతాయి. వదులు చేయించి, చక్రాలు నేల మీద ఆనాక మళ్లీ బిగించమన్నాను. విసుక్కున్నా చేశారు. అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు కిందికి దించాను. లేకపోతే ఎదుటివారి కళ్లలో పడతాయి.

500 కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ చూపించాలి. ఇప్పటికి 180 తిరిగాను, ఏ శబ్దమూ లేదు.