అప్‌డేట్: పెన్సిల్వేనియాలో అమ్మకు మెడికల్ మారిజువానా కార్డు

కీమో వాంతులతో అన్నం ముట్టని అమ్మకు, మందుగా గంజాయి కొనుక్కోనిచ్చే ఈ కార్డు ఎలా తీసుకోవాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఇప్పుడు కార్డు చేతికొచ్చింది. క్యాన్సర్ అర్హత జాబితాలో ఉన్నదే.

ముందు రాష్ట్ర ఆరోగ్యశాఖ రిజిస్ట్రీలో పేరు నమోదు చేయాలి. ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే: పేరు, అడ్రస్ పెన్‌డాట్ (రాష్ట్ర రవాణాశాఖ) ఇచ్చే ఐడీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇల్లు మారితే ముందు పెన్‌డాట్‌లో మార్పించండి. తర్వాత రాష్ట్రం ఆమోదించిన డాక్టరు సర్టిఫికేషన్ ఇస్తారు, అది గరిష్ఠంగా ఏడాదికే. ఆపైన 50 డాలర్లు కడితే కార్డు పోస్టులో వస్తుంది. ఇన్సూరెన్స్ దేనికీ వర్తించదు.

డిస్పెన్సరీలో, అంటే ఈ మందు అమ్మే షాపులో, మాత్రలు, నాలుక కింద వేసే చుక్కలు, వేపరైజర్‌లో (వేడిచేసి ఆవిరి పీల్చే పరికరం) వాడే ఆకు దొరుకుతాయి. కాల్చడం మాత్రం నిషిద్ధం. వయసు పైబడినవాళ్లకు 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) మొదలుపెట్టడం మంచిది. మాత్ర పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. పనిచేయలేదనుకుని ఇంకోటి వేస్తే తల తిరిగి పడిపోయే ప్రమాదం. ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరు) తప్పక చెప్పండి, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మందులతో సీబీడీకి (గంజాయిలోని మత్తులేని పదార్థం) పడదు.

మనవాళ్లు దయచేసి ఇది గమనించండి: ఫెడరల్ చట్టం రాష్ట్ర కార్డును లెక్కచేయదు. యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) 2019 విధానం ప్రకారం రాష్ట్రంలో చట్టబద్ధమైన వాడకం కూడా సిటిజన్‌షిప్‌కు అడ్డు రావచ్చు. వీసా, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు రిజిస్ట్రీ కంటే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. మందును రాష్ట్రం దాటించకండి, లేబుల్ ఉన్న డబ్బాలోనే ఉంచండి.