గిట్ ఇన్‌స్టాల్: విండోస్‌లో నేరుగానా, డబ్ల్యూఎస్‌ఎల్ లోపలా?

కొత్తచేయి:
మా జూనియర్లకు గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే పనిముట్టు) ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి ఒక పేజీలో రాసి ఇవ్వాలి. ఉబుంటుకు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్’ అన్న ఒక్క లైన్ సరిపోయింది. విండోస్ వారికి గిట్ ఫర్ విండోస్ చెప్పాలా, డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే ఏర్పాటు) పెట్టుకుని అందులో వేసుకోమనాలా? మ్యాక్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరు.

రాత్రిపాళీ:
డబ్ల్యూఎస్‌ఎల్ అనే రాయండి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం రాసుకున్న పనిముట్టు ఇది. దాని సొంత నేల మీద నేర్చుకుంటే రేపు సర్వర్‌లోనూ అవే కమాండ్లు, అవే పాత్‌లు ఎదురవుతాయి. గిట్ ఫర్ విండోస్ ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలన్నిటికీ ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయిన వారు, మొదటి కమిట్ (మార్పులను గిట్‌లో నమోదు చేయడం) దగ్గర విమ్ అనే ఎడిటర్ తెరుచుకోగానే బయటపడే దారి తెలియక టెర్మినల్ మూసేస్తారు.

గోదారిగట్టు:
ఎడిటర్‌ను ఆ ఇన్‌స్టాలర్‌లోనే నోట్‌ప్యాడ్‌గా మార్చుకోవచ్చు, రాత్రిపాళీ గారూ. డబ్ల్యూఎస్‌ఎల్ 2 అంటే లోపల నడిచేది వర్చువల్ మెషిన్. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తో వచ్చే పిల్లవాడికి గిట్ కోసం అంత బరువు ఎందుకు?

రాత్రిపాళీ:
ఇన్‌స్టాలర్ అడిగే లైన్ ఎండింగ్ (లైన్ చివర ఉండే గుర్తు) ప్రశ్నను మాత్రం దాటవేశారు. అక్కడ ముందే ఎంచి ఉంచిన ఐచ్ఛికం, ఫైళ్లను బయటికి తీసేటప్పుడు లినక్స్ వాడే ఎల్‌ఎఫ్ గుర్తును విండోస్ వాడే సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా మారుస్తుంది. అలా మారిన షెల్ స్క్రిప్ట్‌ను లినక్స్‌లో నడపబోతే, కంటికి కనిపించని ఒక్క అక్షరం వల్ల ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటూ మొదటి లైన్‌లోనే ఆగిపోతుంది.

పిల్లకాలువ:
నేను రెండూ పెట్టుకున్నాను. సీ డ్రైవ్‌లోని ఒకే ఫోల్డర్‌ను అటునుంచీ ఇటునుంచీ తెరిస్తే, ముట్టుకోని ఫైళ్లు కూడా మారినట్టు గిట్ స్టేటస్ చూపిస్తోంది.

గోదారిగట్టు:
నా మొదటి ఉద్యోగంలో ఒక్క లైన్ సరిదిద్ది పంపితే, ఫైలులోని 1,200 లైన్లూ మారినట్టు కనిపించాయి. ‘విండోస్ వాళ్లతో ఎప్పుడూ ఇదే తలనొప్పి’ అని సీనియర్ పదిమందిలో అన్నారు. ఆ రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు), లైన్ ఎండింగ్‌లను ఒకేలా నిల్వ చేయమని గిట్‌కు చెప్పే ‘* టెక్స్ట్=ఆటో’ అన్న లైన్‌తో ‘.గిట్‌అట్రిబ్యూట్స్’ ఫైలు ఒకటి ఉండి ఉంటే ఆ మాట పడేవాడిని కాను. మీ రాతలో నాకు ఆయన గొంతే వినిపిస్తోంది.

రాత్రిపాళీ:
ఆయన కోపం నా మీద తీర్చుకోకండి. నేను చేరిన చోటా ఆ ఫైలు లేదు, పెట్టండని అడిగే స్థాయి నాకూ లేదు. అందుకే కొత్తవారు తమ మెషిన్‌ను తామే సరిచూసుకోవాలంటున్నాను.

గోదారిగట్టు:
అడిగే స్థాయి లేనివారి మీదే భారం మోపడం నాకు సమ్మతం కాదు. కొత్తచేయి గారూ, పేజీ తర్వాత రాయవచ్చు. జూనియర్లు క్లోన్ (నకలు) చేసుకునే రిపాజిటరీలో ముందు ఆ లైన్ పెట్టండి.

కొత్తచేయి:
పెట్టాను. మ్యాక్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక ఒక జూనియర్ మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి ‘గిట్’ అని కొట్టి చూశాను. కమాండ్ లైన్ టూల్స్ వేసుకుంటారా అని అదే అడిగింది.