మామగారి టేకు డ్రెస్సర్: డెన్మార్కుదా, చండీగఢ్‌దా, ఇక్కడిదేనా?

మిట్టూరు కోడలు, చిత్తూరు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక పాత డ్రెస్సింగ్ టేబుల్ ఉండాది. నిజానికి అది సొరుగుల బీరువా. అడ్డంగా 5 అడుగులుంటుంది, ఎత్తు నా నడుము దాకా వస్తుంది, రెండు వరసల్లో 6 సొరుగులు. పైన గుండ్రటి అద్దం ఉండేది. అద్దం పగిలిపోయింది, చట్రం అటక మీద పడుంది. పూలు, నెమళ్లు, సింహం కాళ్లు, అట్లాంటి చెక్కుడు పని ఎక్కడా లేదు. కాళ్లు పైన లావుగా మొదలై కిందికి వచ్చేకొద్దీ సన్నబడి బయటికి వాలి ఉంటాయి. సొరుగులకు పిడులు కూడా లేవు, పై అంచున అర్ధచంద్రంలా కోసినారు, దాంట్లో వేళ్లు పెట్టి లాగాలి. మా అత్త పట్టుచీరలు, ఎండు వేపాకు, ఇంటి పన్ను రసీదులు అన్నీ దాంట్లోనే పెట్టేది.

మామ మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, గుమాస్తా. 1960ల్లో ఎవరో డాక్టరు ఊరు విడిచిపోతా సామాను అమ్మితే కొన్నాడంట. వచ్చినోళ్లందరికీ "ఇది డెన్మార్కు సరుకు" అని చెప్పేవాడు. బెంగళూరులో ఉండే మా పెద్దోడు ఫొటో చూసి మిడ్ సెంచరీ మోడర్న్ అంటాడు, అంటే పోయిన శతాబ్దం నడుమ వచ్చిన నగిషీ లేని సాదా రకమంట. పాత సామాన్లు కొనే ఆయన ఒకరు వచ్చి, చండీగఢ్ రకం అని చెప్పి 20,000 ఇస్తానన్నాడు. ఇంటికి రంగులేస్తా ఉండే మేస్త్రీ మాత్రం లప్పం పెట్టి తెల్ల పెయింటు కొడితే కొత్తదైపోతాదంటాడు. ఎవరి మాట నమ్మేది? పైపలక మీద కాఫీ లోటాల తెల్ల మచ్చలున్నాయి, ఒక సొరుగు వానాకాలంలో రానే రాదు.

ఆచారి, రేణిగుంట:
అక్కా, పెయింటు మాట ఎత్తినోణ్ణి ఆ గదిలోకే రానీయొద్దు. ముందు ఒక సొరుగు పూర్తిగా లాగి మంచం మీద బోర్లించండి. మూలల్లో మేకులు కొట్టినారా, లేకుంటే పళ్లు పళ్లుగా కోసి ఒకదాన్లో ఒకటి దింపినారా? పైపలక అంచు కూడా వెలుతురులో చూడండి. పలక మందమంతా ఒకటే చెక్క అయితే నిండు టేకు. పైన సన్నటి పొర, కింద వేరే చెక్క కనపడితే వెనీరు. వెనకపక్క స్క్రూలు ఇత్తడివా, ఇనుమువా?

మిట్టూరు కోడలు:
చూసినాను. మూలలు పళ్లుగానే కోసినారు, మేకులు లేవు. పళ్లన్నీ ఒకే కొలతలో లేవు, ఒకటి వెడల్పు, ఇంకోటి సన్నం. పైపలక నిండు చెక్కే. స్క్రూలు ఇత్తడివి. సొరుగు పక్క చెక్క మాత్రం తెల్లగా ఉండాది, సూది మొనంత బొక్కలు కూడా ఉన్నాయి. వెనకాల పెన్సిల్‌తో అరవంలో ఏదో రాసినారు, నాకు చదవడం రాదు.

పాతచెక్క, తిరుపతి:
అరవం అన్నారు కదా, సగం జవాబు అక్కడే దొరికింది. మద్రాసులోనో, వేలూరులోనో, మదనపల్లెలోనే పని చేసిన అరవ వడ్రంగో చేసి ఉండాలి. డెన్మార్కు నుంచి ఓడెక్కి వచ్చిన సరుకు మీద ఆ రాత ఉండదు. ఆ కాలపు డేనిష్ డ్రెస్సర్లలో చాలా వాటికి పైన టేకు వెనీరే ఉంటుంది, అంచులకూ కాళ్లకూ మాత్రమే నిండు చెక్క వాడేవారు. టేకు వాళ్ల దేశంలో పెరగదు, థాయ్‌లాండ్ లాంటి చోట్ల నుంచి తెప్పించుకునేవాళ్లు. అంత దూరం నుంచి వచ్చిన చెక్కను పలకలు పలకలుగా వాడటానికి వాళ్లకు మనసొప్పదు. పళ్లు చేత్తో కోశారు కాబట్టే కొలతలు కలవలేదు.

అయినా మీ మామగారి మాటను పూర్తిగా కొట్టేయను. ఆరోగ్యవరం శానిటోరియం మొదటి సూపరింటెండెంటు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ డెన్మార్కు మనిషి. ఆయన కొడుకు యోహానెస్ కూడా అక్కడే క్షయ మీద పరిశోధన చేశాడు. కాబట్టి అలాంటి బంగళాలో ఎవరో సొంత ఊరి పత్రికలోని బొమ్మ చూపించి, ఇలాంటిది కావాలని ఇక్కడి వడ్రంగికి చెప్పి ఉండొచ్చు. ఇది నా ఊహే, రుజువు లేదు. డిజైన్ అక్కడిది, చెయ్యి ఇక్కడిది అనుకుంటే మాత్రం కాళ్ల వాలు, పిడుల్లేని సొరుగు, అరవం రాత మూడూ కుదురుతాయి.

చండీగఢ్ మాట మాత్రం బేరగాడి మాట. అక్కడి ఆఫీసులకూ క్వార్టర్లకూ ఫర్నిచర్ గీసింది ముఖ్యంగా పియరీ జెన్నరే. చండీగఢ్ నగరాన్ని గీసిన ఆర్కిటెక్టు లె కార్బూజియేకు చుట్టం. 1951 నుంచి 1965 దాకా చండీగఢ్‌లోనే ఉన్నాడు. టేకు, పేము అల్లిక, తిరగేసిన వి ఆకారపు కాళ్లు ఆయన గుర్తులు. ప్రభుత్వ సామాను కాబట్టి చాలా వాటి మీద ఆఫీసు పేరు, నంబరు రంగుతో రాసి ఉంటాయి. తుక్కు కింద వేలం వేసిన కుర్చీలు యూరప్ వేలంపాటల్లో లక్షలు పలికాక, 2011లో కేంద్ర హోంశాఖ వాటిని కాపాడమని ఆదేశాలిచ్చింది. మీ దాని మీద ఆ రాతల్లేవు, ఆ కాళ్లూ కావు. అయినా ఆయన ఆ పేరు ఎత్తాడంటే, కొన్నాక ఏ పేరు మీద అమ్మబోతున్నాడో అర్థం చేసుకోండి.

అసలు ఈ రకం పనికి చండీగఢ్ దాకా పోనక్కర్లేదు. వేలూరు, తిరువణ్ణామలై దాటి పుదుచ్చేరి పోతే గోల్కొండ అనే అరవిందాశ్రమ వసతి గృహం ఉంది. 1930ల్లో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు దాన్ని గీస్తే, దగ్గరుండి కట్టించినవాళ్లలో జార్జ్ నకషిమా ఒకడు. తర్వాత అమెరికాలో చెక్కపనికి ఎంతో పేరు తెచ్చుకున్న ఆయన, గోల్కొండకు టేకు ఫర్నిచర్ కూడా గీశాడు. మద్రాసు చుట్టుపక్కల చేతులకు నగిషీ లేని ఈ పని కొత్తేమీ కాదు.

నన్నడిగితే డెన్మార్కు చీటీ లేకపోవడం దీనికి లోటు కాదు. నిండు టేకుతో, చేతికోత మూలలతో ఇప్పుడు ఇలాంటిది చేయించాలంటే చెక్క ఖర్చే ఆ 20,000 దాటుతుంది.

ఆచారి, రేణిగుంట:
సారు చరిత్ర చెప్పినారు, నేను పని చెప్తా. కనపడని మూల చూసి, దూదిని పాలిష్ స్పిరిట్‌లో తడిపి రుద్దండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. తెల్ల మచ్చలు లక్క మీద తేమ చేసిన పనే అయ్యుంటాయి, చెక్క దాకా పోయుండవు. మిషన్ పెట్టి గీకించొద్దు. సన్న ఉప్పుకాగితంతో రేక వెంబడి పైపైన తడిమి, పల్చగా లక్క మళ్లీ పట్టిస్తే సరిపోతాది. మెలమైన్ అనే గట్టి పాలిష్ కొట్టిస్తానంటే ఒప్పుకోవద్దు. అది గీసుకుపోతే ఆ ఒక్క చోటే సరిచేయడం కుదరదు, అంతా గీకి మళ్లీ కొట్టాల్సిందే.

తెల్ల చెక్క అన్నారే, అది చేవ (మాను నడిమి గట్టి చెక్క) కాదు. పురుగు చేవ జోలికి పోదు, తెల్లదాన్నే తింటాది. బొక్కల్లోంచి పొడి రాలుతా ఉంటే పురుగు ఇంకా ఉన్నట్టే, మందు ఎక్కించాలి. రాలకపోతే పాత బొక్కలే, వదిలేయండి. వానలకు పట్టేసే సొరుగును చిత్రిక పట్టనీయొద్దు, ఎండాకాలం వదులైపోతాది. అడుగు పట్టీల మీద కొవ్వొత్తి రుద్ది చూడండి. అప్పటికీ రాకుంటే పట్టీ అరిగుంటాది, ఆ పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు.

మిట్టూరు కోడలు:
పొడి ఏమీ రాలడం లేదన్నా. మేస్త్రీకి గోడలు చాలని చెప్పేసినాను. అరవం రాత మా పక్కింటి పెద్దామెకు చూపిస్తే "ఇడదు పక్కం, కీళ్" అని చదివింది. ఎడం పక్క, కింద అంట. అద్దానికి చిత్తూరులోనే కొలత ఇయ్యొచ్చా?

ఆచారి, రేణిగుంట:
ఇయ్యొచ్చు. నోటి కొలత మాత్రం చెప్పొద్దు, చట్రమే తీసుకుపోండి. పాత చట్రాలు సరిగ్గా గుండ్రంగా ఉండవు.